చెవి గొప్పదా? మీటరు గొప్పదా?

మన పర్చూరులో పెళ్ళి జరిగినా, క్రిస్మస్ జరిగినా, అంబేద్కర్ జయంతి జరిగినా ముందుగా దిగేది మైక్ సెట్. బాక్సులు ఇలా దించారో లేదో "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" మొదలవుతుంది. చుట్టూ చేరిన వాళ్ళు "బేస్ చాల్లేదు", "గీపెడుతోంది" అని అక్కడికక్కడే తీర్పు చెప్పేస్తారు. సౌండు బాగుందో లేదో చెప్పడానికి ఎవరికీ డిగ్రీ అక్కర్లేదు, రెండు చెవులుంటే చాలు. అయితే ఆ చెవులు చెప్పేది ఎంతవరకు నిజం? ఈ ఒక్క ప్రశ్న మీద పెద్ద పెద్ద దేశాల్లో పత్రికలు కొన్ని దశాబ్దాల పాటు పోట్లాడుకున్నాయంటే మీరు నమ్ముతారా? మేమూ మొదట నమ్మలేదు.

మేము ముగ్గురం ఈ హాస్టల్‌లోనే పదో తరగతి వరకు చదివి, ఇప్పుడు పి.జి. చేస్తున్నాం. గత దసరా సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు, మాకు తెలిసిన ఒక మైక్ సెట్ షాపాయన అటక సర్దుతూ పాత పుస్తకాల కట్ట ఒకటి కిందకు దించారు. ఆయన చుట్టం ఒకాయన అమెరికా నుంచి వస్తూ తెచ్చినవట. "కాటాకి వేసేస్తున్నా, కావాలంటే చూసుకోండిరా" అన్నారు. అన్నీ ఇంగ్లీషు పత్రికలే. సగం పేజీలు ప్రకటనలు, కొన్ని చెదలు తిన్నవి. డిక్షనరీ పక్కన పెట్టుకుని వారం రోజులు చదివాం. అందులో మాకు అర్థమైనది, ఆ తర్వాత మేము చేసి చూసినది మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో తమ్ముళ్ళతో, చెల్లెళ్ళతో పంచుకోవాలని ఈ వ్యాసం.

రెండు పార్టీలు

ఇంట్లో కూర్చుని పాట వింటే ఎదురుగా పాడినట్టే ఉండాలన్న కోరికతో పుట్టినదే 'హై ఫిడెలిటీ', పొట్టిగా హై-ఫై. ఫిడెలిటీ అంటే నమ్మకంగా ఉండటం, అంటే అసలు శబ్దానికి ద్రోహం చేయకుండా ఉన్నదున్నట్టు వినిపించడం. అమెరికాలో 1951లో 'హై ఫిడెలిటీ' అనే పేరుతోనే ఒక పత్రిక మొదలైంది. 1958లో మొదలైన మరో పత్రిక తర్వాత 'స్టీరియో రివ్యూ'గా పేరు పొందింది. ఆంప్లిఫయర్లు, స్పీకర్లు, రికార్డు ప్లేయర్లు పరీక్షించి ఏది కొనాలో చెప్పడం వీటి పని.

స్టీరియో రివ్యూలో జూలియన్ హిర్ష్ అనే ఆయన మీటర్లతో కొలిచి రాసేవారు. ఆంప్లిఫయర్ ఎన్ని వాట్లు ఇస్తోంది, లోపలికి వెళ్ళిన శబ్దాన్ని ఎంత శాతం పాడు చేస్తోంది, మనిషి చెవికి వినిపించే 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు అన్ని స్వరాలనూ సమానంగా పలికిస్తోందా అన్నవి ఆయన ప్రశ్నలు. ఈ దారిని 'ఆబ్జెక్టివ్' అన్నారు, అంటే కొలత పార్టీ.

జె. గోర్డన్ హోల్ట్ అనే ఆయనకు ఇది నచ్చలేదు. పాట వినడానికి కొన్న వస్తువును విని చూడకుండా మీటరు పెట్టి ఊరుకుంటే ఎలా అని 1962లో 'స్టీరియోఫైల్' అనే పత్రిక పెట్టారు. 1973లో హ్యారీ పియర్సన్ 'ది అబ్సొల్యూట్ సౌండ్' మొదలుపెట్టారు. వీరిది 'సబ్జెక్టివ్' దారి, అంటే చెవి పార్టీ. విన్నది విన్నట్టు మాటల్లో రాయడం వీరి పద్ధతి.

ఇద్దరిలోనూ తప్పు ఉంది

మొదట కొలత పార్టీ సంగతి చూద్దాం. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లు కొత్తగా వచ్చినప్పుడు ఫుల్ పవర్‌లో పెట్టి కొలిస్తే చాలా వాటిలో లోపం అతి తక్కువగా కనిపించేది. కానీ విన్నవాళ్ళకు గరగరగా, కటువుగా ఉండేది. కారణం ఏమిటంటే, శబ్దపు అల పైకి వెళ్ళేటప్పుడు ఒక ట్రాన్సిస్టర్, కిందకు వచ్చేటప్పుడు ఇంకో ట్రాన్సిస్టర్ పని చేస్తాయి. ఒకటి వదిలి ఇంకొకటి అందుకునే చోట చిన్న అతుకు పడుతుంది. పెద్ద శబ్దంలో ఆ అతుకు లెక్కలోకి రాదు, చిన్న శబ్దంలో అదే పెద్దదైపోతుంది. జనం ఇంట్లో వినేది చిన్న శబ్దంలో, పరీక్షించినది పెద్ద శబ్దంలో! అంటే మీటరు అబద్ధం చెప్పలేదు, దాన్ని అడగాల్సిన ప్రశ్న అడగలేదు.

కొలతల పేరుతో మోసం కూడా జరుగుతుంది. మన చిన్నప్పుడు టేప్ రికార్డర్ల మీద '1000 వాట్స్ పి.ఎం.పి.ఓ.' అని స్టిక్కర్ ఉండేది గుర్తుందా? అంతా కలిపి పాతిక వాట్లు కూడా ఇవ్వని సెట్టు మీద కూడా వేల అంకెలు వేసేవారు, ఎందుకంటే పి.ఎం.పి.ఓ.కు ఖచ్చితమైన కొలత పద్ధతి అంటూ ఏదీ లేదు. అమెరికాలో ఇలాంటి అంకెలు మితిమీరితే 1974లో అక్కడి ప్రభుత్వ సంస్థ ఆంప్లిఫయర్ పవర్ ఎలా కొలిచి చెప్పాలో నిబంధన పెట్టింది.

ఇక చెవి పార్టీ. మన చెవికి ఒక బలహీనత ఉంది. రెండు సెట్లలో ఒకటి రవ్వంత ఎక్కువ శబ్దంతో మోగితే మనకు 'ఎక్కువ శబ్దం' అనిపించదు, 'మంచి సౌండు' అనిపిస్తుంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇంకో సంగతి కొలిచి చూపారు. శబ్దం తగ్గించే కొద్దీ చెవికి బేస్ మరీ తగ్గినట్టు వినిపిస్తుందట. పాత సెట్లలో 'లౌడ్‌నెస్' అనే మీట ఉండేది ఆ లోటు పూడ్చడానికే. కాబట్టి అమ్మేవాడు తనకు లాభం వచ్చే సెట్టుకు వాల్యూమ్ కొంచెం పెంచితే చాలు, మిగతా పని మన చెవే చేస్తుంది.

అంతకన్నా పెద్ద బలహీనత కళ్ళది. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే పరిశోధకులు హర్మన్ అనే ఆడియో కంపెనీ ఉద్యోగులు 40 మందికి కొన్ని స్పీకర్లను రెండు విధాలుగా వినిపించారు. ఒకసారి కనబడేలా, ఒకసారి తెర వెనుక. కనబడినప్పుడు సొంత కంపెనీ పెద్ద స్పీకర్లకు మార్కులు పెరిగాయి, చూపుకు ఆనని చిన్న స్పీకరుకు తగ్గాయి. తెర వేశాక ఆ తేడాలు చాలావరకు పోయాయి. అనుభవం ఉన్న శ్రోతలు కూడా దీనికి అతీతులు కారు.

తెర కట్టి వినడం

ఈ తగవుకు మందు ఏమిటంటే, ఏది మోగుతోందో తెలియకుండా వినిపించడం. దీన్నే 'బ్లైండ్ టెస్ట్' అంటారు. వినిపించే మనిషి ముఖం చూసి కూడా పసిగట్టే వీలు లేకుండా చేస్తే అది 'డబుల్ బ్లైండ్'. 1987 జనవరిలో స్టీరియో రివ్యూ ఇలాంటి పరీక్ష ఒకటి ప్రచురించింది. సుమారు 220 డాలర్ల రిసీవర్ నుంచి 12,000 డాలర్ల ఆంప్లిఫయర్ల దాకా పెట్టారు. శబ్దం సమానం చేసి, ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తే శ్రోతలు వాటిని నమ్మకంగా గుర్తుపట్టలేకపోయారు. దీని మీద ఎంత గొడవ జరిగిందో చెప్పనక్కర్లేదు. తెర కడితే చెవి కంగారు పడుతుందని చెవి పార్టీవాళ్ళు వాదించారు. విశేషమేమిటంటే, చెవి పార్టీకి పెద్దదిక్కు అయిన హోల్ట్ గారే 2007లో, ఇలాంటి నిజాయితీ పరీక్షలను కాదనడం వల్లనే ఖరీదైన ఆడియో రంగం పరువు పోగొట్టుకుందని ఒక ఇంటర్వ్యూలో బాధపడ్డారు.

మేము చేసిన ప్రయోగం

చదివి ఊరుకుంటే ఏం లాభమని, షాపాయనను బతిమాలి రాత్రి షాపు కట్టేశాక మేమూ చేసి చూశాం. ఒకే ఆంప్లిఫయర్, ఒకే బాక్సు. స్పీకరు వైర్లు మాత్రం రెండు రకాలు. ఒకటి మామూలు వైరు, రెండోది షాపాయన ఎక్కువ ధర పెట్టి తెప్పించిన లావు వైరు. ముందు కళ్ళు తెరిచి విన్నాం. ముగ్గురం ఒకే మాటగా "లావు వైరుదే క్లియర్‌గా ఉంది" అన్నాం.

తర్వాత దుప్పటి అడ్డం కట్టాం. మల్టీమీటరుతో బాక్సు దగ్గర ఓల్టేజి సమానంగా ఉందని చూసుకున్నాం. దుప్పటి వెనుక ఒకడు రూపాయి బిళ్ళ ఎగరేసి బొమ్మ పడితే మామూలు వైరు, బొరుసు పడితే లావు వైరు తగిలిస్తాడు. వైరు మార్చకపోయినా ఊడదీసి మళ్ళీ తగిలిస్తాడు, నోరు మెదపడు. వినేవాడు ఏ వైరో చెప్పాలి. 16 సార్లు చేస్తే 9 సార్లు సరిగ్గా చెప్పాడు. చెవులు మూసుకుని ఊహించినా 9 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చే అవకాశం నూటికి 40. 12 దాటి ఉంటే ఆలోచించాల్సిందే, ఎందుకంటే అది ఊహతో వచ్చే అవకాశం నూటికి 4 కన్నా తక్కువ. మాకు వినిపించిన 'క్లియర్' వైరులో లేదు, దాని లావులో ఉంది!

అదే పద్ధతిలో రెండు వేర్వేరు కంపెనీల బాక్సులు మార్చి చూశాం. 16కు 16 సరిగ్గా చెప్పాడు. ఊహతో అలా చెప్పాలంటే 65,536లో ఒక్క అవకాశం. కాబట్టి తెర కడితే చెవి పని చేయదన్న వాదన నిలవదు. తేడా ఉన్నచోట చెవి పట్టేస్తుంది.

డప్పు తాతయ్య

ఇక్కడితో మేము కొలత పార్టీలో చేరిపోయాం. మమ్మల్ని మళ్ళీ ఆపినది మా పేటలో డప్పు కొట్టే తాతయ్య. ఒక ఫంక్షన్‌లో నాలుగు డప్పులను మేము రికార్డు చేశాం. అది విని ఆయన "ఇందులో ఒకటి సరిగ్గా కాగలేదు" అన్నాడు. డప్పు కొట్టబోయే ముందు మంట దగ్గర కాచుకోవడం మీరంతా చూసే ఉంటారు. చర్మంలోని తేమ పోయి బిగుసుకుంటే స్వరం పైకి లేస్తుంది. మా దగ్గరున్న మీటరులో మాత్రం నాలుగూ ఒకే శబ్దం చూపించాయి. తాతయ్య పొరబడ్డాడని అనుకున్నాం.

తర్వాత రికార్డింగును కంప్యూటర్‌లో పెట్టి, ఒక్కో దెబ్బలో ఏ స్వరాలున్నాయో విడదీసి చూస్తే మూడు దగ్గర దగ్గరగా ఉన్నాయి, నాలుగోది కిందికి ఉంది. మా మీటరును మేము 'ఎంత గట్టిగా?' అని అడిగాం. ఆయన చెవి 'ఎంత బిగువుగా?' అని వింది. తాతయ్యకూ పరీక్ష పెడతామంటే "కళ్ళకు గంతలు కట్టుకోండి, నాకేంటి" అన్నాడు. కాగినది ఏదో, కాగనిది ఏదో కలగాపులగంగా వినిపిస్తే 10కి 10 చెప్పాడు. 1,024లో ఒక్క అవకాశం అది.

ఇలాంటి చెవిని గౌరవించిన పెద్ద శాస్త్రవేత్త ఒకరున్నారు. బాల్యం విశాఖపట్నంలో గడిపిన సి.వి. రామన్ 1920లో శివకాళి కుమార్‌తో కలిసి మన వాద్యాల మీద 'నేచర్' పత్రికలో వ్యాసం రాశారు. మామూలుగా చర్మ వాద్యాల స్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు. మృదంగం, తబలాల మధ్యలో నల్లటి పూత పొరలు పొరలుగా వేయడం వల్ల అవి తీగ వాద్యంలో లాగా పొందికగా వస్తాయని ఆయన చూపించారు. ఆ పూత వేసింది చదువుకున్న వాళ్ళు కాదు, తోలు పని చేసే కుటుంబాలు. వాళ్ళు తరతరాలుగా చెవితో కనిపెట్టి ఉంచినదానికి రామన్ గారి లెక్క సాక్ష్యం పలికింది.

ఇదంతా మనకెందుకు?

మన దగ్గర మిరపకాయ ఎండిందో లేదో చూడాలంటే చెవి దగ్గర పెట్టి ఊపుతారు. గింజలు గలగలమంటే ఎండినట్టు. రైతు చెవి అది. తేమ కొలిచే మీటరు ఇప్పుడు వచ్చింది, రెండూ ఒకటే చెబితే పేచీ లేదు. కానీ మాలో ఒకరి నాన్న పాలుకు చేసిన చేలో కాయను చేను ఆసామి, ఆయన చెరి సగం పంచుకున్నారు. అదే చేను, అదే కోత, అదే కళ్ళం. ఒకే రోజు ఒకే వ్యాపారి ఆసామి టిక్కీలు చూసి కట్టిన ధరకన్నా నాన్న టిక్కీలకు క్వింటాకు 300 రూపాయలు తక్కువ కట్టాడు. "రంగు తగ్గింది" అన్నాడు. ఒక్కసారి జరిగినదాన్ని పట్టుకుని రుజువైందని మేము అనము, అలా అంటే మేము చదివింది దండగ. అయితే ఆ టిక్కీలు ఎవరివో చెప్పకుండా చూపించి ఉంటే రంగు తగ్గిందో, మనిషి తగ్గాడో తేలిపోయేది.

పరీక్ష పేపర్ల మీద పేరు లేకుండా కోడ్ నంబరు వేసి దిద్దించడం కూడా తెర కట్టడమే. మన ఇళ్ళలో మొదటిసారి డిగ్రీ దాటిన మాలాంటి వాళ్ళకు ఆ తెర విలువ బాగా తెలుసు. అది లేని చోట మన పేరు, మన ఊరు, మన హాస్టల్ పేరు వినగానే ఎదుటివాళ్ళ చెవి మారిపోవడం మేము చూశాం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మేము తెలుసుకున్నది ఇంతే. తెర కట్టడం చెవిని అవమానించడం కాదు, చెవిని ఒక్కదాన్నే నమ్మడం. ఎవరైనా అంకె చూపిస్తే 'ఎలా కొలిచారు?' అని అడగండి. ఎవరైనా 'నాకు తెలుసు' అంటే 'పేరు చూడకుండా చెప్పగలరా?' అని అడగండి. అదే ప్రశ్న మీ మీద మీరు కూడా వేసుకోండి, మేము లావు వైరు దగ్గర తేలిపోయినట్టు మీరు తేలిపోకుండా ఉంటారు. మన తాతయ్యల చేతిలో, చెవిలో ఉన్న విద్య ఆ పరీక్షకు భయపడేది కాదు.

ఆ పత్రికల కట్ట కాటాకి వెళ్ళలేదు. షాపాయన అనుమతితో, వార్డెన్ గారు ఒప్పుకుని, మన హాస్టల్ లైబ్రరీ బీరువాలో కింది అరలో పెట్టించారు. చెదలు తిన్న పేజీలు తిప్పేటప్పుడు జాగ్రత్త.