నల్లతెర వెనుక ఏముంది?

లాప్‌టాప్ తెర నల్లబడగానే యంత్రం చచ్చిందనుకుంటారు చాలామంది. ఈమధ్య పూతలపట్టులో మా అన్న కూతురూ అలాగే కంటతడి పెట్టుకుంది. ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. ఆరునెలల ప్రాజెక్టు అంతా అందులోనే ఉంది, మరో కాపీ లేదు. అప్పగించడానికి నాలుగు రోజులే గడువు. మరమ్మతు దుకాణంలో “అంతా చెరిపేసి కొత్తగా వెయ్యాలి, లోపలి వాటికి మా పూచీ లేదు” అన్నారట.

“చెరపనివ్వద్దు పాపా, ఏమీ పోలేదు” అన్నాను.

అందులో ఉన్నది లైనక్స్. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన కెర్నెల్ దానికి మూలం. ఆ కెర్నెల్‌కూ, తెరమీద బొమ్మలు గీసే చిప్పుకూ నడుమ మాటలు కలిపేది డ్రైవరు. అరవ బేహారికీ తెలుగు రైతుకూ నడుమ దుబాసీ వంటిదన్నమాట. దుబాసీ రాకపోతే బేరం ఆగుతుంది గాని, సరుకు ఎక్కడికీ పోదు గదా!

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు ఒకేసారి నొక్కించాను. నల్లతెర మీద తెల్లటి అక్షరాలు మెరిసి, పేరు చెప్పమన్నాయి. ప్రాణం ఉంది!

ఇక యంత్రాన్ని ఆపి, మళ్లీ వేస్తూనే ఎస్కేప్ మీట నొక్కితే ‘గ్రబ్’ అనే పట్టిక వచ్చింది. మొదటి వరుస మీద ఉండగా ‘ఇ’ అక్షరం నొక్కి, ‘లైనక్స్’ అని మొదలయ్యే పంక్తి చివర కాస్త ఎడమిచ్చి ‘నోమోడ్‌సెట్’ అని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో, ఒకే మాటగా చేర్చి, ఎఫ్10 నొక్కాము. విశేషమైన డ్రైవరు జోలికి పోకుండా ఉన్నంతలో బొమ్మ చూపించమని దాని భావం. ఆ ఒక్కసారికే చెల్లుతుంది. బొమ్మ మోటుగానే వచ్చింది. ముందు ప్రాజెక్టంతా పెన్‌డ్రైవులోకి ఎక్కించాము. మరమ్మతు ఆ తర్వాతే సుమా.

‘ఎల్ఎస్‌పిసిఐ హైఫన్ కె’ అనే ఆజ్ఞ ఇస్తే ఏ చిప్పుకు ఏ డ్రైవరు పనిచేస్తున్నదో చెబుతుంది. ఆమె యంత్రంలో బొమ్మల చిప్పులు రెండు. తెర పని చూసే రెండోదాని కింద ఏ డ్రైవరూ పనిలో లేదు.

“డ్రైవరు వేశాక నీలం తెర వచ్చిందా?”

“వచ్చింది చిన్నాయనా. భయమేసి వద్దని దాటేశాను.”

అదీ సంగతి! సెక్యూర్ బూట్ అనే కావలివాడు ముద్ర లేని డ్రైవరును గడప దాటనివ్వడు. ఈ ముద్ర మాదేనని మనం ఒప్పుకోవలసిన చోటు ఆ నీలం తెరే. అది పది సెకన్లలో ఏ మీటా నొక్కకుంటే వెళ్లిపోతుంది. ‘మోక్‌యుటిల్’ ఆజ్ఞతో దాన్ని మళ్లీ రప్పించి, ‘ఎన్‌రోల్ మోక్’ ఎంచి పాస్‌వర్డు ఇవ్వగానే తెర వెలిగింది.

ఈ డ్రైవర్ల తగవు పాతదే. 2012లో ఫిన్లాండులో ఒక సభలో టోర్వాల్డ్స్ గారు ఎన్విడియా కంపెనీని తిట్టిన తిట్టు ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో రాయదగింది కాదు. కంపెనీ వివరాలు బయటపెట్టకపోతే, ఔత్సాహికులు చిప్పు నడకను గమనించి ‘నూవో’ అనే డ్రైవరును సొంతంగా రాశారు. చివరకు 2022 మేలో కంపెనీయే తన డ్రైవరులోని కెర్నెల్ భాగాన్ని అందరికీ తెరిచింది. అయినా ఆ డ్రైవరు కెర్నెల్‌కు బయటిదే గనుక, కెర్నెల్ మారినప్పుడల్లా దానికి తగ్గట్టు మళ్లీ తయారుకావాలి. కొత్త కెర్నెల్ వచ్చిన మర్నాడే తెర నల్లబడితే గ్రబ్ పట్టికలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ తెరిచి పాత కెర్నెల్‌ను ఎంచుకోండి. దానితో బొమ్మ వస్తే చిప్పు క్షేమమే. దుకాణానికి పోనక్కరలేదు.