తీగ వీడిన మెరుపు

కెమెరా నెత్తిన నిలిచిన దీపము కెమెరా చూచిన దిక్కునే తానును చూచును. అందువలన నీడ వస్తువు వెనుకకు పోయి దాగుకొనగా, ముక్కునకు ఎత్తును, చెక్కిలికి ఒంపును, పట్టుచీరకు నేతను ఇచ్చెడి ఛాయాభేదము నశించి, ముఖము చదునై తేలిపోవును. ఆ దీపమునే రెండు బారల దూరమునకు జరిపి, ముఖమునకు ఒక ప్రక్కగా, కంటిమట్టమునకు కొంచెము ఎగువను నిలిపినచో, నుదుటి గుండ్రదనము, దవడ గీత, చీర అంచు మీది జరీపోగు వేరువేరుగా తెలియవచ్చును. ఛాయాగ్రహణము నేర్చువానికి ఇంతకంటె అల్పవ్యయముతో ఇంతటి మార్పును చూపగల పాఠము మరియొకటి లేదని నా దృఢాభిప్రాయము. కాని కెమెరా నుండి విడివడిన దీపమునకు కెమెరా ఆజ్ఞ చేరవలెను. అదియు సెకనులో వేయవ వంతు తప్పకుండ చేరవలెను. ఈ ఆజ్ఞను మోయుటకై పుట్టి, నేడు అగ్గిపెట్టెకంటె కొంచెము పెద్దదిగా, సామాన్యుని చేతికి అందుబాటుగా వచ్చిన ఫ్లాష్ ట్రిగ్గరు చరిత్ర తెలిసినవానికి, అంగడిలో దానిని ఎంచుకొనుట కష్టము కాబోదు.

మొదటి తరమువారికి ఈ చిక్కు ఎదురుకానే లేదు. 1851 జూన్ నెలలో లండను నగరమందలి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హెన్రీ ఫాక్స్ టాల్బట్, టైమ్స్ పత్రికలోని ఒక పుటను తిరుగుడు చక్రమునకు అంటించి, గదిని చీకటి చేసి, కెమెరాను తెరచియుంచి, లేడెన్ జాడీలలో కూడబెట్టిన విద్యుత్తును ఒక్క రవ్వగా విడిచినప్పుడు, వేగముగా తిరుగుచున్న ఆ పుటలోని అక్షరములు నిశ్చలముగా నున్నట్లు పలకపై ముద్రితములయ్యెను. అక్కడ చీకటియే షట్టరు. రవ్వకును తెరకును పొత్తు కుదుర్చవలసిన పని లేదు. 1887లో జర్మనీయందు ఆడాల్ఫ్ మీథె, యోహన్నెస్ గేడికె అను ఇరువురు మెగ్నీషియము చూర్ణమును పొటాసియము క్లోరేటు మున్నగు ద్రవ్యములతో కలిపి మెరుపుపొడిని సిద్ధపరచిన తరువాత కూడ పద్ధతి మారలేదు: ముందు కెమెరా తెరచుట, పిదప పొడి అంటించుట, పొగ నడుమ మరల మూయుట.

1930 ప్రాంతమున ఆ మంట గాజుబుడ్డిలో బంధింపబడిన నాటినుండియే కెమెరాను దీపమునకు కలుపు తీగయొక్క రాజ్యము ఆరంభమైనది. బుడ్డి పూర్ణతేజమునకు వచ్చుటకు సుమారు 20 మిల్లీసెకన్లు పట్టును గనుక, షట్టరు తెరచుకొనుటకు కొంత ముందుగనే దానికి విద్యుత్తు అందవలెను. ఇంతలో 1931లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున హెరాల్డ్ ఎడ్గర్టన్ అను ఇంజనీరు యంత్రముల భ్రమణమును పరిశీలించుటకై నిర్మించిన విద్యుద్దీపము ఈ శాస్త్రమునకు క్రొత్త త్రోవ చూపెను. పాలచుక్క పడినప్పుడు లేచు కిరీటమును 1957లో రంగులలో పట్టి చూపిన మహనీయుడు ఈయనయే. ఆయన దీపము ఆలస్యమెరుగనిది. షట్టరు తెరచుకొనిన మరుక్షణమే వెలుగునది. అందుచేతనే ఆనాటి కెమెరాలపై బుడ్డికి ‘ఎమ్’ అనియు, ఎలక్ట్రానిక్ ఫ్లాషుకు ‘ఎక్స్’ అనియు రెండు గుర్తులు వెలసినవి. బుడ్డులు పోయినను, నేటికిని ఆ ‘ఎక్స్’ నిలిచియున్నది.

ఈ ఫ్లాషు లోపలి వ్యవస్థను కొంచెము నిదానించి చూడవలెను. ఏలనన, ట్రిగ్గరు చేయు పని ఎంత స్వల్పమో అప్పుడే బోధపడును. కెపాసిటరులో సుమారు 300 వోల్టుల విద్యుత్తు నిలువయుండును. జినాన్ వాయువు నిండిన గాజుగొట్టము ఆ విద్యుత్తునకు అడ్డై నిలుచును. ఒక చిన్న తీగచుట్టనుండి కొన్నివేల వోల్టుల పోటు గొట్టమునకు తగిలినంతనే వాయువు అయనీకృతమై దారి ఇచ్చును. నిలువయున్న విద్యుత్తంతయు ఒక్కసారిగా ప్రవహించి వెలుగగును. ఆ పోటు పుట్టుటకు బయటినుండి కావలసినది ఒక్కటే: రెండు లోహపు మొనలు ఒకదానినొకటి తాకుట. కెమెరా నెత్తిన ఫ్లాషును తొడుగు హాట్‌షూ నడుమనున్న చుక్కయు, దాని ప్రక్కలనున్న పట్టాలును ఆ రెండు మొనలే. సామాన్యమైన ట్రిగ్గరు తుదకు చేయునది ఆ రెంటిని కలుపుటయే.

ఎప్పుడు కలుపవలెనన్నదే అసలు విద్య. నేటి కెమెరాలలో చిత్రము పడు పటలము ముందు రెండు తెరలు నడచును: మొదటిది దిగి దారి ఇచ్చును, రెండవది దాని వెంట దిగి మూయును. సెకనులో 250వ వంతు, అనగా 4 మిల్లీసెకన్లు మాత్రమే తెరచియుండు వేగమున, ఆ కాలములో అధికభాగము తెరలు నడచుటకే సరిపోవును. పటలమంతయు ఏకకాలమున తెరచియుండు వ్యవధి మిక్కిలి స్వల్పము. ఫ్లాషు అంతలోనే వెలిగి ఆరవలెను. ఆజ్ఞ ఏమాత్రము ఆలసించినను రెండవ తెర అప్పటికే కొంత దిగియుండును గనుక, చిత్రము అడుగుభాగమున నల్లని పట్టీ పడును.

తీగ ఈ పనిని నమ్మకముగ నెరవేర్చినది. కాని పెండ్లిపందిరిలో పనిచేసినవానికి తీగతోడి అగచాట్లు చెప్పనక్కరలేదు. జీలకర్ర బెల్లము వేళ పీటల చుట్టు బంధువులు మూగుదురు; పిల్లలు కాళ్లకడ్డము పరుగిడుదురు; గొడుగుతో నిలిపిన స్టాండు తీగ ఒకరి కాలికి తగిలినచో స్టాండు వారి మీదనే కూలును. దీనికి విరుగుడుగా కాంతినే దూతగా చేసికొనిన పరికరము వచ్చినది. ఒక ఫ్లాషు వెలుగగానే, దూరమునున్న మరియొక ఫ్లాషునకు తగిలించిన కాంతిగ్రాహకము ఆ వెలుగును గుర్తించి తానును దీపమును వెలిగించును. తెల్లని గోడలు గల గదిలో ఇది చక్కగా పనిచేయును. ఎండలో గ్రాహకము గ్రుడ్డిదగును. వివాహమంటపములోనో, అతిథి ఎవరు తన కెమెరా నొక్కినను ఫొటోగ్రాఫరు దీపము వెలిగి, మాంగల్యధారణ వేళకు మరల విద్యుత్తు నింపుకొనుచు ఊరక కూర్చుండును. ఆధునిక కెమెరాలు కొలతకై ముందొక చిరుమెరుపు మెరసి, తరువాత అసలు మెరుపును విడుచుటచేత, సామాన్యగ్రాహకము ఆ చిరుమెరుపునకే మోసపోవును. ఈ దోషమును సవరించిన రెండవ విధానము నేటి ఫ్లాషులలో నున్నది గాని, ఎండకు మందు దొరకలేదు.

రేడియో తరంగమునకు ఎండ అడ్డు కాదు, గోడయు చాలవరకు అడ్డు కాదు. అమెరికాలో పాకెట్‌విజర్డ్ అను పేర వెలసిన పరికరములు 344 మెగాహెర్ట్‌జ్ వద్దను, ఐరోపాకు పంపబడినవి 433 మెగాహెర్ట్‌జ్ వద్దను పనిచేసి, పత్రికాఛాయాగ్రాహకులకు దశాబ్దమునకు పైగా ఆధారమైనవి. ఒక జత కొనుటకు మూడువందల డాలర్లకు పైగా వెచ్చింపవలసి వచ్చుటచేత, చిన్న ఊరి స్టూడియోవానికి అవి చూచి సంతోషించు వస్తువులుగనే మిగిలినవి. చవుకదనము కోరినవారు 433 మెగాహెర్ట్‌జ్ పట్టీపై పనిచేయు చిన్న చైనా పరికరములను కొనిరి. అదే పట్టీపై కారు తాళములును, గేటు తెరచు రిమోట్లును మాటలాడుచుండుట వలన, ఆ అగ్గువ పరికరములు అప్పుడప్పుడు పిలువని పేరంటమునకు పోయి వెలిగెడివి, పిలిచినప్పుడు వెలుగకుండెడివి.

సుమారు 2009లో షెన్‌జెన్ నగరమునుండి యోంగ్నువో సంస్థ వెలువరించిన ఆర్‌ఎఫ్-602 ఈ పరిస్థితిని మార్చినది. అది 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీపై పనిచేయును. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సమావేశము పారిశ్రామిక, శాస్త్రీయ, వైద్య అవసరములకై విడిచిన 2450 మెగాహెర్ట్‌జ్ స్థానము చుట్టునున్న ఈ పట్టీని భారత ప్రభుత్వము 2005లో లైసెన్సు అక్కరలేని వినియోగమునకు తెరచినది. 433 మెగాహెర్ట్‌జ్ తరంగము పొడవు సుమారు 69 సెంటీమీటర్లు, 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగము పొడవు 12న్నర సెంటీమీటర్లు. ఏరియలు తరంగములో నాలుగవ వంతు ఉండుట మేలు గనుక, మొదటిదానికి జానెడుకంటె కొంచెము తక్కువ పొడవుగల తీగ కావలసియుండగా, రెండవదానికి మూడు సెంటీమీటర్లు చాలును. అది పలకమీదనే గీతగా అచ్చుపడి పెట్టెలో ఇమిడిపోవును. ఇక ఆలస్యమన్ననో, వంద మీటర్లు దాటుటకు రేడియో తరంగమునకు సెకనులో కోటి వంతులలో నాలుగు వంతులైనను పట్టదు. ఆలస్యమంతయు, ‘ఈ ఆజ్ఞ నాదేనా?’ యని గ్రాహకము సంకేతమును పరీక్షించుటలోనే కలుగును. ఆ పరీక్ష త్వరగా ముగియునట్లు చేయుటలోనే తయారీదారుని నేర్పున్నది.

తరువాత వచ్చిన ఆర్‌ఎఫ్-603లో రెండు పెట్టెలును ఒకే తీరువి. ఏది కెమెరాపై నున్నదో అది పంపును, ఏది ఫ్లాషు క్రింద నున్నదో అది అందుకొనును. పెట్టెకు రెండు చిన్న ట్రిపుల్-ఏ సెల్లులు, ఛానలు మార్చుటకు నాలుగు చిన్న మీటలు, వెరసి పదునారు ఛానళ్లు. ఒక జత వెల అప్పుడు నలుబది డాలర్ల లోపుండెను. మొదటి నమూనాలో స్విచ్చి పెట్టె పైభాగమున, ఫ్లాషు కూర్చుండు చోటికి ప్రక్కనే యుండుటచేత, ఫ్లాషు తొడిగిన పిమ్మట వ్రేలు దూరుటకు చోటు లేక పనివారు విసిగిరి. రెండవ నమూనాలో దానిని ప్రక్కకు మార్చిరి. ఇట్టి చిన్న సవరణల వలననే చవుక వస్తువు మంచి వస్తువగును. కెనన్ సంస్థ తన సొంత రేడియో ఫ్లాషును 2012లో మాత్రమే తెచ్చినది. పాకెట్‌విజర్డ్ సైతము 2013లో తొంబదితొమ్మిది డాలర్ల పెట్టెను అమ్మవలసి వచ్చినది.

ఇప్పుడు కొనుగోలుదారుని ఎదుట నిలుచు మొదటి ప్రశ్న: కెమెరాయే వెలుగును కొలిచి తీవ్రతను నిర్ణయించు టీటీఎల్ విధానమునకు అధికమూల్యము చెల్లింపవలెనా? స్టాండుపై నిలిపిన దీపమును, పీటలపై కూర్చున్న దంపతులును కదలనంతవరకు వారి నడుమ దూరము మారదు; దూరము మారనప్పుడు ఒకసారి చేతితో దిద్దిన తీవ్రత చివరివరకు సరిపోవును. అట్టి పనికి టీటీఎల్ కొనుట ధనవ్యయమే. ఊరేగింపులో మనుష్యులు ముందునకు నడచి వచ్చుచుండగా దూరము సగమైనచో వెలుగు నాలుగింతలగును గనుక, అచ్చట మాత్రము అది ఉపకరించును. ఈ రెంటికంటెను నేను అధికముగా విలువనిచ్చు సౌకర్యము మూడవది: కెమెరా మీదనుండియే దూరపు ఫ్లాషుల తీవ్రతను వేరువేరుగా మార్చగలుగుట. గొడుగు లోపల, తలకు మించిన ఎత్తున నున్న ఫ్లాషును దింపి మీట త్రిప్పి మరల ఎక్కించు శ్రమ నుండి ఇది విముక్తి కలిగించును. దాని వెల టీటీఎల్ అంత ఉండదు.

అయితే ఈ సౌకర్యము ఒకే కుటుంబమునకు చెందిన పరికరముల నడుమనే లభించును. నేడు గోడాక్స్ వంటి సంస్థలు గ్రాహకమును ఫ్లాషు కడుపులోనే అమర్చి అమ్ముచున్నవి. ఒక సంస్థ రేడియో సంకేతము మరియొక సంస్థకు తెలియదు. కావున ట్రిగ్గరును విడిగా ఎంచుట పొరపాటు. ముందు ఐదేండ్లపాటు కొనదలచిన ఫ్లాషులు ఏ కుటుంబమువో నిశ్చయించుకొని, ఆ కుటుంబపు ట్రిగ్గరును కొనవలెను. అందులోను కెమెరాను బట్టి కెనన్‌కు ఒకటి, నికాన్‌కు ఒకటి, సోనీకి ఒకటిగా ట్రిగ్గరులు వేరుగ నుండును. ఫ్లాషులోని గ్రాహకము మాత్రము వీటన్నిటి మాటను వినును. కెమెరా మార్చినను ఫ్లాషులు నిలుచునన్న లాభము పొదుపరికి చిన్నది కాదు.

పెట్టెపై అచ్చువేసిన వంద మీటర్ల మాటకు లొంగనక్కరలేదు; పెండ్లిమంటపములో పదిహేను మీటర్లు చాలును. దూరముకంటె అడ్డంకి ముఖ్యము. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగమును నీరు పీల్చును, మానవదేహమున అధికభాగము నీరే. అందుచేత జనము క్రిక్కిరిసిన చోట గ్రాహకమును తలల ఎత్తునకు పైన నిలుపుట మేలు. అంగడిలోనే చేయదగిన పరీక్ష యొకటి కలదు: తెల్లని గోడకు ఎదురుగా ఫ్లాషును నిలిపి, షట్టరు వేగమును 125వ వంతునుండి 160, 200, 250 వరకు క్రమముగా పెంచుచు చిత్రము వెంట చిత్రము తీసి, అడుగున నల్లని పట్టీ ఎచ్చట మొదలగునో చూడవలెను. కెమెరా అనుమతించు వేగమునకు ఒక మెట్టు దిగువనే పట్టీ పడినచో ఆ ట్రిగ్గరు మందబుద్ధి, దానిని విడిచిపెట్టవలెను.

ఇంటిలో నున్న పాత ఫ్లాషును వాడదలచినవారు దాని రెండు మొనల నడుమ వోల్టులను మీటరుతో కొలువవలెను. పూర్వపు ఫ్లాషులలో కొన్ని 200 వోల్టులకు మించి ఆ మొనలకు పంపును. నేటి సున్నితమైన పరికరములకు అది ప్రాణాంతకము. చివరిగా కెమెరానే పరిశీలింపవలెను. 2018 నుండి కెనన్ అమ్మిన చవుక కెమెరాలలో కొన్నిటికి, అందును మన దేశమున 1500డి అను పేర విరివిగా అమ్ముడైన దానికి, హాట్‌షూ నడుమ చుక్కయే లేదు. నేర్చుకొను కుర్రవాడు తరచుగా కొన్న కెమెరా అదియే. చుక్కను మాత్రమే ఎరిగిన అగ్గువ ట్రిగ్గరు దానిపై ఎన్నటికిని వెలుగదు. తక్కిన చుక్కల ద్వారా కెనన్ సంకేతమును చదువగల టీటీఎల్ ట్రిగ్గరునే అతడు కొనవలెను. డబ్బు చెల్లింపకమునుపే తన కెమెరాను అంగడికి తీసికొనిపోయి, దానిపై తొడిగి ఒకసారి వెలిగించి చూడవలెను.