వంతెన పైన సరే, కింద మాటేమిటి?

విజయవాడ బెంజ్ సర్కిల్ తెలియని ఇల్లాలు మన కృష్ణా తీరంలో ఉందంటే నమ్మడం కష్టం. పుట్టిల్లు గుడివాడ కావచ్చు, మెట్టినిల్లు తెనాలి కావచ్చు. పిల్లాడి కాలేజీ పనికో, పెళ్ళి బట్టలకో, డాక్టరుకు చూపించుకోవడానికో బెజవాడ వచ్చి, చేతిలో సంచీతో ఆ కూడలిలో నిలబడి, "ఎట్లా దాటాలిరా భగవంతుడా!" అని ఒక్కసారైనా అనుకోకుండా ఉండం.

ఒకప్పుడు ఇక్కడ టాటా బెంజ్ లారీల కంపెనీ ఉండేదని, ఆ పేరే కూడలికి స్థిరపడిందని పెద్దవాళ్ళు చెబుతారు. చెన్నై నుంచి కోల్‌కతా పోయే హైవే, హైదరాబాదు నుంచి బందరు పోయే హైవే ఇక్కడే ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతాయి. 2010లో వాటి నంబర్లు 16, 65గా మారినా, చాలామంది నోళ్ళలో ఇంకా ఐదో నంబరు, తొమ్మిదో నంబరు హైవేలే.

ఈ కూడలి మీద మొదటి ఫ్లైఓవర్‌ని 2020 అక్టోబరు 16న, రెండోదాన్ని 2022 ఫిబ్రవరి 17న లాంఛనంగా ప్రారంభించారు. పోయేవాళ్ళకొకటి, వచ్చేవాళ్ళకొకటి. ఒక్కోటి మూడు వరుసల వెడల్పు. గుంటూరు వైపు నుంచి ఏలూరు వైపు పోయే కారు ఇప్పుడు బెంజ్ సర్కిల్‌ని పైనుంచి చూసుకుంటూ నిమిషాల్లో దాటిపోతుంది. బాగుంది. ఆనందించాల్సిన విషయమే.

అయితే మా పక్కింటి మామ్మగారు ఒకరోజు పటమట రైతు బజారు నుంచి వస్తూ ఒక ప్రశ్న వేశారు. "అమ్మాయ్, పైన పోయేవాళ్ళకి హాయిగానే ఉంది. కింద పోయేవాళ్ళ సంగతి ఎవరైనా చూశారంటావా?"

ఆ ప్రశ్న చిన్నది కాదు. కూడలిని కట్టే తీరుకీ, అక్కడ జరిగే ప్రమాదాలకీ ఉన్న సంబంధమంతా అందులోనే ఉంది.

ముగ్గు వేసి చూస్తే...

నాలుగు రోడ్ల కూడలిని ఒక కాగితం మీద ముగ్గులా వేసి చూడండి. ఒక్కో రోడ్డు మీంచి వచ్చే బండి ఎడమకి తిరగొచ్చు, నేరుగా పోవచ్చు, కుడికి తిరగొచ్చు. అంటే మొత్తం పన్నెండు గీతలు. ఆ గీతలు విడిపోయే చోట్లు 8, వచ్చి కలిసే చోట్లు 8, ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకునే చోట్లు 16. వెరసి 32. ఈ 32 చోట్లలో ఎక్కడైనా రెండు బళ్ళు గుద్దుకోవచ్చు. ఒక్కో వైపుకి ఒక్కో వరుస మాత్రమే ఉన్న చిన్న రోడ్ల లెక్క ఇది. వరుసలు పెరిగితే ఈ చోట్లూ పెరుగుతాయి.

అన్ని చోట్లూ ఒక్కలాంటివి కావు. ఒకే దిక్కుకి పోతున్న రెండు బళ్ళు రాసుకుంటే చాలాసార్లు రేకు సొట్టపోవడంతో సరిపోతుంది. అడ్డంగా వచ్చి పక్క తలుపు మీద గుద్దితే? తలుపుకీ లోపలి మనిషికీ మధ్య జానెడు జాగా కూడా ఉండదు. స్కూటరైతే అసలు తలుపే లేదు. అందుకే కూడలి కట్టే ఇంజనీరు మొదట ఆ పదహారు అడ్డకోతల గురించి ఆలోచించాలి.

వాటిని తప్పించడానికి మూడు దారులున్నాయి. సిగ్నల్ పెట్టి ఒకరి తర్వాత ఒకరిని పంపడం ఒకటి. అందరినీ గుండ్రంగా తిప్పడం రెండోది. ఒకరిని పైనా ఒకరిని కిందా పంపడం మూడోది.

గుండ్రంగా తిరిగితే మంచిదేనా?

గుండ్రంగా తిప్పితే అడ్డకోత అన్నదే ఉండదు. 32 చోట్లు 8కి దిగిపోతాయి. అయితే దీనికి ఒక నియమం ఉంది. లోపల తిరుగుతున్న బండికి, కొత్తగా వచ్చేది ఆగి దారివ్వాలి. బ్రిటన్‌లో 1966లో ఈ నియమం పెట్టాకే ఈ సర్కిళ్ళు సవ్యంగా పనిచేయడం మొదలైంది. అమెరికాలో 24 కూడళ్ళను ఇలా మార్చి, ముందూ వెనకా లెక్కలు పోల్చి 2001లో ప్రచురించారు. మొత్తం ప్రమాదాలు 38 శాతం, మనుషులు గాయపడ్డ ప్రమాదాలు 76 శాతం తగ్గాయి.

ఇందులో కిటుకు వేగం తగ్గడమే. లోపలికి వచ్చే దారి వంపుగా ఉంటుంది కాబట్టి ఎంత తొందరున్నవాడైనా నెమ్మదించక తప్పదు. మన ఊళ్ళలో సర్కిల్ అని పిలిచేవాటిలో చాలాచోట్ల నడుమ ఒక దిమ్మె ఉంటుంది కానీ ఆ వంపూ ఉండదు, ఆ నియమమూ పాటించరు. ఇక రెండు జాతీయ రహదారుల లారీలు, సిటీ బస్సులు, ఆటోలు అన్నీ ఒక్కచోట పడే బెంజ్ సర్కిల్‌కి గుండ్రటి తిప్పుడు ఒక్కటే సరిపోదు. అప్పుడు పైకెక్కడం తప్పదు.

పైకెక్కితే పోయేవి, మిగిలేవి

పైదారి, కిందదారి కలిసేలా నాలుగు మూలలా నాలుగు మెలికలు తిప్పి కట్టే పద్ధతి ఒకటుంది. పైనుంచి చూస్తే అచ్చం మనం వేసే మెలికల ముగ్గే! అమెరికాలో మొదటిది 1929లో న్యూజెర్సీ రాష్ట్రంలోని వుడ్‌బ్రిడ్జ్‌లో కట్టారు. అందులో ఎవరూ ఎవరికీ అడ్డం రారు, సిగ్నల్ అక్కర్లేదు. కానీ ఒక మెలిక నుంచి ఎక్కేవాడూ, పక్క మెలికలోకి దిగేవాడూ ఒకే చిన్న ముక్కలో అటూ ఇటూ మారాలి. బళ్ళు పెరిగేకొద్దీ అక్కడ రాపిడి పెరిగింది. చివరికి ఆ వుడ్‌బ్రిడ్జ్ మెలికలనే తీసేసి వేరే పద్ధతిలో కట్టుకున్నారు. చూశారా, ఒకచోట ప్రమాదం తీసేస్తే అది ఇంకోచోట తలెత్తవచ్చు.

మన బెంజ్ సర్కిల్ సంగతికి వస్తే, ఇక్కడ మెలికల్లేవు. పైకెక్కింది 16వ నంబరు హైవే మీద నేరుగా పోయే బళ్ళు మాత్రమే. బస్టాండు వైపు నుంచి ఆటోనగర్, కానూరు వైపు నేరుగా పోయేవీ, ఏ వైపుకైనా తిరిగేవీ ఇంకా నేల మీదే ఉన్నాయి. ఎంత దూరం పోయే లారీ అయినా ఇక్కడ మలుపు తిరగాలంటే మన పక్కనుంచే తిరగాలి. పెద్ద వేగం, పెద్ద బరువు చాలావరకు పైకి పోవడం నిజంగా మేలే. కానీ కింద కూడలి కూడలిగానే ఉంది.

పైగా రెండు కొత్త జాగ్రత్తలు వచ్చిపడ్డాయి. ఒకటి, ఫ్లైఓవర్ దిగే చోటు. పైనుంచి జోరుగా దిగే కారూ, సర్వీస్ రోడ్డు నుంచి మెల్లగా వచ్చే స్కూటరూ అక్కడ ఒకటవుతాయి. రెండోది స్తంభాలు. వాటి చాటున మనిషి డ్రైవరుకి కనపడదు, మనకి బండి కనపడదు.

వంపు దగ్గర వేగం

ఫ్లైఓవర్ ఆకారం కూడా ప్రాణాలతో ముడిపడిన విషయమే. హైదరాబాదులో బయోడైవర్సిటీ కూడలి ఫ్లైఓవర్ 2019 నవంబరు 4న మొదలైంది. మూడు వారాలు తిరక్కుండానే, 23వ తేదీన ఒక కారు వంపులో అదుపు తప్పి, పిట్టగోడ దాటి కింద రోడ్డు మీద పడింది. రోడ్డు పక్కన నిలబడి ఉన్న ఒక మహిళ ప్రాణం పోయింది. ఆమె ఏ బండీ నడపలేదు, ఏ నియమమూ తప్పలేదు. గంటకు 40 కిలోమీటర్లు మించకూడని చోట ఆ కారు వంద దాటిన వేగంతో వచ్చిందని పోలీసులు తేల్చారు. వంతెన మూసేసి, నిపుణులతో పరీక్ష చేయించి, వేగం తగ్గించే ఏర్పాట్లు చేసి 2020 జనవరిలో మళ్ళీ తెరిచారు.

తప్పు నడిపినవాడిదే, సందేహం లేదు. కానీ మనిషన్నాక తప్పు చేస్తాడు. ఆ తప్పుకి ప్రాణం మూల్యం కాకుండా రోడ్డు కట్టాలన్నది స్వీడన్ పార్లమెంటు 1997లో ఒప్పుకున్న సూత్రం. వంపు ఎంత ఉండాలి, గోడ ఎంత ఎత్తు ఉండాలి, వేగం ముందుగానే ఎక్కడ తగ్గాలి - ఇవన్నీ నక్షా గీసేటప్పుడే తేలాల్సినవి.

మన వంతు

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళు. 32,825 మంది నడిచిపోతున్నవాళ్ళు. అంటే పదిమందిలో ఆరుగురికి పైగా మనలాంటివాళ్ళే. స్కూటరు వెనక కూర్చునేది మనం. పిల్లల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటేది మనం. కూరల సంచీతో ఆటో కోసం నిలబడేది మనం.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు వచ్చేస్తుంది. డ్రైవరు మనల్ని చూసి కాలు బ్రేకు మీద వేసేలోపే ఆ దూరం అయిపోతుంది. వేగం రెండింతలైతే దెబ్బ నాలుగింతలు. అందుకని వంతెన కింద మనుషులు దాటే చోట వేగం తగ్గి తీరాలి. దానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. జీబ్రా గీతల దగ్గర రోడ్డును కాస్త ఎత్తు చేయడం, సగం దాటాక నిలబడడానికి నడుమ దిమ్మె, నడిచేవాళ్ళకి విడిగా సిగ్నల్, స్తంభాల మధ్య మంచి దీపాలు చాలు. ఫ్రీ లెఫ్ట్ పేరుతో ఎడమకి తిరిగే బళ్ళు ఎప్పుడూ ఆగకపోతే, నడిచేవాళ్ళకి ఎప్పుడూ వంతు రాదు. ఆ మూల కూడా ఎర్రదీపం ఉండాలి. మెట్ల వంతెన కట్టామంటే సరిపోదు. మోకాళ్ళ నొప్పులున్న మామ్మగారు ఆ మెట్లెక్కలేరు, నేల మీదే దాటుతారు.

చిన అవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కాజ దాకా తలపెట్టిన పశ్చిమ బైపాస్ ఉద్దేశం కూడా ఊరితో పనిలేని లారీని ఊళ్ళోకి రానివ్వకపోవడమే. లారీలు తగ్గితే ఆ ఖాళీని నడిచేవాళ్ళకి ఇవ్వమని అడగాలి. అడగకపోతే అదీ బళ్ళకే పోతుంది.

ఈలోగా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. స్తంభం చాటునుంచి ఒక్కసారిగా అడుగు వేయకండి. బండి కనపడేదాకా ముందుకొచ్చి, ఆగి, చూసి దాటండి. ఫ్లైఓవర్ దిగే చోట స్కూటరు నడుపుతుంటే ఎడమ అంచునే ఉండి, వెనక చూసుకున్నాకే కలవండి. పిల్లల్ని ఎడమకి తిరిగే మూల మీద నిలబెట్టకండి. జాతీయ రహదారి మీద దీపం వెలగకపోయినా, డివైడర్ విరిగిపోయినా 1033కి ఫోన్ చేసి చెప్పండి.

మీ ఊళ్ళో కొత్తగా ఫ్లైఓవర్ వస్తోందని తెలిస్తే, ఎంత పొడవు, ఎన్ని కోట్లు అని మగవాళ్ళు మాట్లాడుకుంటారు. మాట్లాడుకోనివ్వండి. మనం మాత్రం నలుగురు ఆడవాళ్ళం కలిసి ఆ ఆఫీసుకి వెళ్ళి, నక్షా చూపించమని, "నడిచేవాళ్ళు దాటే దారి ఇందులో ఎక్కడుందండీ?" అని అడుగుదాం. కట్టకముందు అడిగితే అది ఒక గీత మార్చే పని. కట్టాక అడిగితే కాంక్రీటు పగలగొట్టే పని.