“టేక్ ఆఫ్” — ఒక క్రియ, పెక్కు అర్థములు

“ది ప్లేన్ టుక్ ఆఫ్ ఎట్ సిక్స్” అను వాక్యమునకు మా విద్యార్థి యొకడు “విమానమును ఆరు గంటలకు తీసివేసిరి” అని వ్రాసెను. తరగతి యెల్ల నవ్వెను. కాని తప్పు వానిది కాదు. “టేక్ ఆఫ్” అనగా తీసివేయుట యని ఒక్క అర్థమునే వల్లె వేయించినవాడను నేను.

“టేక్” అనగా తీసికొనుట. “ఆఫ్” అనగా వేరుగా, ఎడముగా. రెండును కలిసినప్పుడు పుట్టు అర్థములు పెక్కు. బూట్లను “టేక్ ఆఫ్” చేసిన విడుచుట. విమానము “టేక్ ఆఫ్” అయిన నేల విడిచి పైకి లేచుట. ధరలో పది రూపాయలు “టేక్ ఆఫ్” చేసిన తగ్గించుట. “టేక్ ఎ డే ఆఫ్” అనిన ఒక దినము సెలవు పుచ్చుకొనుట. వీని యన్నిటియందును ఒకదానినుండి మరియొకటి వేరగుట కలదు: కాలినుండి బూటు, నేలనుండి విమానము, ధరనుండి రూపాయలు, పనినుండి దినము. ఈ సూత్రము పట్టుకొన్న సగము చిక్కు తీరును.

అయినను సూత్రమునకు సులభముగా లొంగనివియు గలవు. వ్యాపారము “టేక్ ఆఫ్” అయినదన్న పుంజుకొన్నదని భావము. ఒకరిని “టేక్ ఆఫ్” చేయుట యనగా వారి మాటతీరును, నడకను పరిహాసముగా అనుకరించుట. 1755లో ఆంగ్ల నిఘంటువును వెలువరించిన శామ్యూల్ జాన్సన్, ఇట్టి కూడికలు పరదేశీయులకు మిక్కిలి కష్టము కలిగించునని పీఠికలో వ్రాసి, “టేక్ ఆఫ్”నకు అనుకరించుట యనియే అర్థము చెప్పెను. రైట్ సోదరుల విమానము ఎగిరినది 1903లో గదా! లోకముతోపాటు మాటకును కొత్త అర్థములు చేరుచుండును.

వాడుకలో నొక నియమము: “ఇట్” వంటి సర్వనామము నడుమ రావలెను. “టేక్ ఇట్ ఆఫ్” అనవలెనే గాని “టేక్ ఆఫ్ ఇట్” అనరాదు.

ఇట్టి సొగసు మన తెలుగునకు కొత్త కాదు. తల యెత్తుట, గొంతెత్తుట, బిచ్చమెత్తుట, అవతారమెత్తుట, పిచ్చి యెత్తుట — “ఎత్తు” ఒక్కటే, అర్థములు వేరు. బిచ్చమెత్తువాడు బరువు నెత్తుటలేదని ఏ బాలునికిని చెప్పనక్కరలేదు. ఇంట పెద్దల మాటలు విని వాడే గ్రహించెను. ఆంగ్లమును గూడ అట్లే, విడి అర్థములుగా గాక, నిండు వాక్యములుగా నేర్వవలెను.

తెలుగున చదివినచో ఆంగ్లము రాదని బెంగపడు తల్లిదండ్రులకు నా మనవి ఇదియే: మాతృభాషలో మాట పోకడ నెరిగిన బాలుడు పరభాషలోని పోకడను త్వరగా గుర్తుపట్టును. ఇంటి భాష దానికి అడ్డుగోడ గాదు, తొలిమెట్టు.