మీకు తెలుసా? ఎన్వీ వేఱు, జెలసీ వేఱు

ఆంగ్లమునందలి ఎన్వీ, జెలసీ అను రెండు పదములను మనము తఱచుగా ‘అసూయ’ అను ఒక్క మాటతోనే తెలుగు చేసి ఊరకుందుము గాని, వాని నడుమ గల భేదము మిక్కిలి సూక్ష్మమైనది. పొరుగువాని వాకిట క్రొత్త మోటారుకారు నిలిచినప్పుడు, అది తనకు లేకపోయెనే యని గుండెలో కలుక్కుమను బాధ ఎన్వీ; తనదనుకొన్న ప్రేమ వేఱొకరి పాలగునేమో యను భయముతో, భార్యకు వచ్చిన ఉత్తరమును దొంగచాటుగా విప్పించు తాపము జెలసీ. మొదటిదానికి ఇద్దఱు చాలుదురు; రెండవదానికి మూడవ మనిషి కావలెను.

షేక్స్పియరు ‘ఒథెల్లో’ నాటకమున రెండును ప్రక్కప్రక్కనే కలవు. తాను కోరిన పదవి కాషియోకు దక్కెనని కుమిలిన ఇయాగోది ఎన్వీ. అతడు నూరిపోసిన అనుమానముతో, ఒక చేతిరుమాలును సాక్ష్యముగా నమ్మి, నిర్దోషియగు తన భార్య డెస్డిమోనాను చంపిన ఒథెల్లోది జెలసీ.

జెలసీకి మూలము ‘జేలోస్’ అను గ్రీకు పదము. ఉత్సాహమును తెలుపు ‘జీల్’ కూడ అందుండియే పుట్టినది. ఎన్వీకి మూలము ‘ఇన్విదియా’ అను లాటిను మాట. అందు ‘చూచుట’ అను ధాతువు దాగియున్నది. మన ‘కన్నుకుట్టు’ అను పలుకుబడియే దీనికి సరియైన సాటి యని నా నమ్మకము. ఇటలీ మహాకవి దాంతే తన ‘పుర్గతోరియో’ కావ్యమున ఈ దోషము గలవారి కనుఱెప్పలను ఇనుపతీగతో కుట్టించినాడు. గుడ్డివారై, ఒకరి భుజమున కొకరు ఆనుకొని కూర్చున్న ఆ దీనుల చెక్కిళ్లపై, ఆ కుట్ల సందులనుండియే కన్నీరు జాఱుచుండును.