ఒకరిది పాట... ఒకరిది మాట!

వేదిక మీద ఇద్దరు అమ్మాయిలు. ఒకరు పాడతారు. రెండో ఆమె పాడదు, మాట్లాడుతుంది! ఆ మాటకో తాళం ఉంటుంది, నడక ఉంటుంది. పాట ఆగిన చోట మాట అందుకుంటుంది. మాట అలసిన చోట మళ్ళీ పాట మొదలవుతుంది. మన హరికథలో పాటనూ, వచనాన్నీ ఒక్కరే నడిపిస్తారు కదా! ఆ పనిని ఇద్దరు స్నేహితురాళ్లు పంచుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అదే 'ఫ్లోయెట్రీ'.

పాడే ఆమె మార్షా ఆంబ్రోసియస్. మాట చెప్పే ఆమె నటాలీ స్టువర్ట్. ఇద్దరూ ఇంగ్లండ్ అమ్మాయిలే. లండన్‌లో వీళ్ళను కలిపింది సంగీతం కాదు, బాస్కెట్‌బాల్! ఆట స్నేహం అయింది, స్నేహం పాట అయింది. ప్రవాహానికి 'ఫ్లో', కవిత్వానికి 'పోయెట్రీ'... రెండూ కలిపి జంటకు పేరు పెట్టుకున్నారు. తమ పాటకు సరైన చోటు వెతుక్కుంటూ అమెరికా వెళ్ళారు. మొదట అట్లాంటా, తర్వాత ఫిలడెల్ఫియా.

ఏమిటీ నియో సోల్?

1960, 70లలో అమెరికా నల్లజాతి గాయకులు గుండె లోతుల్లోంచి పాడిన పాట 'సోల్'. ఆ తర్వాతి తరం పిల్లలు హిప్-హాప్ దరువు వింటూ పెరిగారు. 1990లలో ఆ పాత పాటనూ ఈ కొత్త దరువునూ కలిపారు. దానికే నియో సోల్ అని పేరొచ్చింది. 1997లో వచ్చిన ఎరికా బాడు తొలి ఆల్బమ్ దీనికి ఊపు తెచ్చింది. 1999లో లారిన్ హిల్ ఒకే రాత్రి అయిదు గ్రామీ అవార్డులు అందుకుంది. పాటలో ప్రేమ ఉంటుంది. దానితోపాటు ఆత్మగౌరవం, అలసట, అమ్మతనం కూడా ఉంటాయి. ఆడవాళ్ళకు ఇంత నచ్చడానికి కారణం అదేనేమో!

మైకు మగవాళ్ళదే అయితే...

హిప్-హాప్ బైఠకుల్లో మైకు ఎక్కువగా మగపిల్లల చేతుల్లోనే ఉండేది. ఆడపిల్ల వంతు వచ్చేసరికి రాత్రి గడిచిపోయేది. ఫిలడెల్ఫియాలో 'జాజీఫ్యాట్‌నాస్టీస్' పేరుతో పాడే మరో జంట, మెర్సిడీస్ మార్టినెజ్, ట్రేసీ మూర్, దీనికి ఒక ఉపాయం ఆలోచించారు. 'ద రూట్స్' బృందం తోడుగా నిలిచింది. 'ఫైవ్ స్పాట్' అనే చిన్న క్లబ్బులో మంగళవారం రాత్రుళ్ళు 'బ్లాక్ లిలీ' పేరిట కచేరీలు మొదలుపెట్టారు. అక్కడ ముందు వరుస ఆడవాళ్ళదే. జిల్ స్కాట్ లాంటి వాళ్ళు ఆ వేదిక మీద పాడినవాళ్ళే. లండన్ నుంచి వచ్చిన మన స్నేహితురాళ్ళకూ అక్కడే చోటు దొరికింది.

ఆ తర్వాత వెనక్కి చూసుకోలేదు. మార్షా రాసిన 'బటర్‌ఫ్లైస్' పాటను 2001లో సాక్షాత్తూ మైకేల్ జాక్సన్ పాడాడు. 2002లో జంట తొలి ఆల్బమ్ 'ఫ్లోయెటిక్' వచ్చింది. గ్రామీ నామినేషన్లు కూడా దక్కాయి.

పాత హాలు తలుపు తెరిస్తే...

చిన్న క్లబ్బులో పుట్టిన పాట పెద్ద వేదిక ఎక్కినప్పుడు ఒక చిక్కు వస్తుంది. నటాలీ లాంటి వాళ్ళు చెప్పే మాట గుసగుసలా ఉంటుంది. స్టేడియంలో అది గాలికి పోతుంది. ఇలాంటి సంగీతానికి పాతకాలపు థియేటర్లు బాగా నప్పుతాయి. బాల్కనీలో కూర్చున్నా గాయని ముఖం కనిపిస్తుంది, మాట చెవిన పడుతుంది.

వాషింగ్టన్‌లోని హోవార్డ్ థియేటర్ సంగతే చూడండి. 1910లో నల్లజాతి ప్రేక్షకుల కోసం తెరిచారు దాన్ని. ఆ రోజుల్లో తెల్లవాళ్ళ హాళ్ళలో వాళ్ళను పక్కన కూర్చోనిచ్చేవారు కాదు. ఆ నగరంలోనే పుట్టిన డ్యూక్ ఎలింగ్టన్ ఇక్కడ వాయించాడు, ఎల్లా ఫిట్జెరాల్డ్ ఇక్కడ పాడింది. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత జరిగిన అల్లర్లతో ఆ పేట కళ తప్పింది. హాలు మూతపడింది. మధ్యలో తెరిచినా నిలవలేదు. దశాబ్దాల పాటు చినుకులకు తడుస్తూ పాడుబడిపోయింది. చివరికి దాదాపు 3 కోట్ల డాలర్ల ఖర్చుతో బాగుచేసి 2012 ఏప్రిల్‌లో మళ్ళీ తెరిచారు. బయటి గోడలకు పాత రూపం తెచ్చారు. లోపల మాత్రం భోంచేస్తూ పాట వినేలా బల్లలు అమర్చారు. అమ్మమ్మలు జాజ్ విన్న చోట ఇప్పుడు మనవరాళ్ళు నియో సోల్, హిప్-హాప్ వింటున్నారు!

స్నేహానికీ మరమ్మతు

హాలు పాడైతే డబ్బుతో బాగుచేయవచ్చు. మరి స్నేహమో? 2005లో రెండో ఆల్బమ్ తర్వాత మార్షా, నటాలీ విడిపోయారు. ఎవరిది తప్పని వెతకడం మన పని కాదు. కలిసి వ్యాపారం పెట్టిన తోడికోడళ్ళకూ, కలిసి కుట్టుమిషన్లు కొన్న స్నేహితురాళ్ళకూ ఈ బాధ తెలుసు. ఎవరి కష్టం ఎక్కువ, ఎవరి పేరు ముందు... ఇలాంటి లెక్కలు మొదలయ్యాక ఎంత గట్టి స్నేహమైనా బీటలు వారుతుంది.

అయితే ఇద్దరూ చేతులు ముడుచుకు కూర్చోలేదు. నటాలీ 2010లో, మార్షా 2011లో సొంత ఆల్బమ్‌లు తెచ్చారు. మార్షా ఆల్బమ్ అమెరికా అమ్మకాల పట్టికలో రెండో స్థానానికి చేరింది. ఒంటరిగా నిలబడగలమని ఇద్దరూ నిరూపించుకున్నారు. ఆ తర్వాతే, 2014-15లో మళ్ళీ ఒకే వేదిక ఎక్కారు. ఒకప్పుడు కాలేజీలో వాళ్ళ పాటలు విన్న అమ్మాయిలు ఆ కచేరీలకు తల్లులై వచ్చారు.

ఒకరు లేకపోతే బతకలేమని కాదు, ఇద్దరం కలిస్తే పాట ఇంకా బాగుంటుందని కలవడం... ఇదీ ఈ జంట కథలో మనకు దొరికే మాట. మీకూ మాటలు ఆగిపోయిన స్నేహితురాలు ఒకరు ఉండే ఉంటారు. గోడ బీటలు వారినంత మాత్రాన హాలును ఎవరూ కూలగొట్టుకోరు కదా! ఈ ఆదివారం ఒకసారి పలకరించి చూడకూడదూ?