ప్లానులో తలుపుల గుర్తులు

ఏలూరులోగాని తాడేపల్లిగూడెంలోగాని ఇల్లు కట్టేచోట మేస్త్రీ దగ్గర ఉండే ప్లానును చూస్తే, గోడ తెగిన ప్రతిచోటా డి, డి1, డబ్ల్యు, వి వంటి అక్షరాలు కనిపిస్తాయి. డి అంటే తలుపు, డబ్ల్యు కిటికీ, వి వెంటిలేటరు. ప్లాను అంచున ఒక పట్టిక ఉంటుంది. డి1 వెడల్పెంత, ఎత్తెంత, ఏ కర్ర, ఎన్ని రెక్కలు, మొత్తం ఎన్ని కావాలి అనే వివరాలు అందులో ఉంటాయి. వడ్రంగికి ముఖ్యంగా కావలసినది ఆ పట్టికే. కలప అడితికి వెళ్ళి కర్ర కోయించేది దాన్నిబట్టే గదా! అందువల్ల ప్లానులోని గుర్తుకూ పట్టికలోని వరుసకూ పొత్తు కుదరకపోతే ఆ తప్పు కాగితంమీద ఆగదు, టేకుకర్రలోకి దిగుతుంది. పెద్ద గుమ్మాన్ని కోసి చిన్నది చేయవచ్చునేమోగాని, చిన్నగా కోసిన గుమ్మాన్ని పెద్దది చేసే విద్య ఏ వడ్రంగికీ లేదు.

ఈ గుర్తులు పెట్టడంలో ఎవరి వాడుక వారిది. ఐతే భారతీయ ప్రమాణాల సంస్థ కర్ర తలుపులకు ఒక చక్కని పద్ధతిని నిర్ణయించింది. 100 మిల్లీమీటర్లను ఒక మాడ్యూలుగా తీసుకొని, ముందు వెడల్పు, నడుమ తలుపు రకం, చివర ఎత్తు రాస్తారు. 9 డిఎస్ 21 అంటే 900 మిల్లీమీటర్ల వెడల్పు, 2100 మిల్లీమీటర్ల ఎత్తు గల ఖాళీలో అమర్చే ఒంటిరెక్క తలుపు. ఎస్ బదులు టి ఉంటే అది జంటరెక్కల తలుపు. ఇక్కడొక సంగతి గమనించాలి. ఈ కొలత గోడలో విడిచిన ఖాళీది. గుమ్మాన్ని ఇమిడ్చేందుకు కొంత సందు కావాలి గనుక గుమ్మం దానికంటే కాస్త చిన్నదిగా ఉంటుంది.

చేత్తో గీసిన రోజుల్లో ఈ గుర్తులను సరిచూడటం గీసేవాని ఓపికమీద ఆధారపడి ఉండేది. 1982లో ఆటోక్యాడ్ వచ్చిన తరువాత గీత శుభ్రపడింది గాని చిక్కు పూర్తిగా తీరలేదు. తెరమీద నాలుగు గీతలూ ఒక వంపూ గీసి పక్కన డి1 అని టైపు చేస్తే, అది తలుపని చూచేవారికి తెలుస్తుంది, కంప్యూటరుకు తెలియదు. దాని దృష్టిలో అవి గీతలూ అక్షరాలూ మాత్రమే. అమెరికాలో ఛార్లెస్ ఈస్ట్‌మన్ అనే ఆచార్యుడు 1975 నాటికే వేరొక దారి సూచించారు. కంప్యూటరులో భద్రపరచవలసినది గీతలను కాదు, భవనంలోని వస్తువులను; ప్లానులూ పట్టికలూ ఆ ఒక్క భాండారంనుంచే పుట్టాలి; మార్పు ఒకచోట చేస్తే అన్నిచోట్లా కనిపించాలి అని ఆయన భావం. ఆర్కిక్యాడ్, 2000లో వెలువడిన రెవిట్ ఈ దారిలో నడిచే సాఫ్టువేర్లు. వీటిలో తలుపు పక్కన కనిపించే డి1 అనేది ఎవరో రాసిన అక్షరం కాదు. తలుపులో దాగిన సమాచారాన్ని చదివి చూపే చీటీ. దీనినే ట్యాగు అంటారు.

కొల్లేటి ప్రాంతంవారికి దీన్ని పక్షుల ఉదాహరణతో చెప్పవచ్చు. ఆటపాకలో గూడబాతులను చూడవచ్చినవారు ఒక పక్షిని చూపి, 'అదుగో, ఆ చెట్టుమీదిది' అంటారు. అది ఎగిరిపోతే ఆ గుర్తు పనికిరాదు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంవంటి సంస్థలు పక్షులను పట్టి, కాలికి సంఖ్యగల తేలికపాటి ఉంగరం తొడిగి వదిలిపెడతాయి. ఉంగరంమీద ఉండేది ముఖ్యంగా సంఖ్యే; ఎప్పుడు, ఎక్కడ తొడిగారన్నది రిజిస్టరులో ఉంటుంది. పక్షి ఎక్కడికి పోయినా సంఖ్య దానితోనే పోతుంది. ప్లానుమీద టైపు చేసిన డి1 చెట్టు గుర్తువంటిది. తలుపులోనే భద్రపరచిన సంఖ్య ఉంగరంవంటిది.

కొల్లేటి లంక గ్రామంలో రెండంతస్తుల పాఠశాల కడుతున్నారనుకొందాం. వరదవస్తే ఊరివారికి అదే ఆశ్రయం. తరగతి గదులకు 16 తలుపులు డి1, ఆఫీసుకూ సామాను గదులకూ 4 డి2, మరుగుదొడ్లకు 6 డి3, మొత్తం 26. డి1 వెడల్పు మొదట 900 మిల్లీమీటర్లు అనుకొన్నారు. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం జనం బయటికి పోయే ద్వారం వెడల్పు 1000 మిల్లీమీటర్లకు తగ్గరాదు. కనుక మార్చవలసి వచ్చింది. గీతల ప్లానులో ఐతే 16 చోట్ల ఖాళీలు సవరించాలి, పట్టికనూ దిద్దాలి. పైఅంతస్తులో ఒకటి మరిచిపోవటం ఏమంత వింత కాదు. రెవిట్ వంటి దానిలో డి1 రకానికి వెడల్పు ఒక్కసారి మారిస్తే 16 తలుపులూ, గోడలోని ఖాళీలూ, పట్టికా కలిసి మారతాయి.

కాని యంత్రాన్ని మరీ నమ్మటం కూడా మంచిది కాదు. ఆ రకానికి గుర్తుగా 9 డిఎస్ 21 అని పెట్టి ఉంటే, వెడల్పు 1000 ఐనా ట్యాగు 9 డిఎస్ 21 అనే చూపిస్తుంది. గుర్తు మనిషి రాసిన మాట. దానికి వెడల్పుతో చుట్టరికం లేదు. కొలతను పేరులో ఇమిడ్చినవారు కొలత మారినప్పుడల్లా పేరు మార్చుకోవాలి. డి1 వంటి అర్థంలేని పేరు ఈ విషయంలో ఎక్కువ సుఖం.

ఇంతకంటె పెద్ద తికమక మరొకటి ఉన్నది. తలుపుకు రెండు గుర్తులు ఉండవచ్చు. ఒకటి దాని రకానిది, మరొకటి ఆ ఒక్క తలుపుకే చెందినది. తరగతిలో అందరూ పదవ తరగతివారే ఐనా, ఒక్కొక్కరికి ఒక్కొక్క హాజరు సంఖ్య ఉంటుంది గదా! మనదేశంలో ప్లానుమీద రాసే డి1 రకం గుర్తు. రెవిట్‌తో మామూలుగా వచ్చే తలుపు ట్యాగు చూపేది మాత్రం రెండవ గుర్తును, అంటే హాజరు సంఖ్యవంటిదాన్ని. కిటికీ ట్యాగు రకం గుర్తును చూపుతుంది. ఈ తేడా తెలియక కొత్తవారు ప్లానులో 1, 2, 3 అని కనబడగానే ఒక్కొక్కదాన్నీ చెరిపి డి1, డి1 అని నింపుతారు. ఒకే సంఖ్య రెండు తలుపులకు ఉన్నదని సాఫ్టువేరు హెచ్చరిస్తుంది. హెచ్చరికను మూసివేసి ముందుకు పోతారు. కొందరు విసిగి ట్యాగు తీసివేసి మామూలు అక్షరాలే టైపు చేస్తారు. అంటే ఉంగరం విప్పి మళ్ళీ చెట్టును చూపించటమే. చేయవలసిన పని చిన్నది: రకం గుర్తును చదివే ట్యాగును ఎన్నుకోవటం.

ఐతే రెండవ సంఖ్య వృథా ఏమీ కాదు. తాడేపల్లిగూడెంలో 2015లో స్థాపించిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వంటి పెద్ద ఆవరణలో ఒకే రకపు తలుపులు ఎన్నో ఉంటాయి. వాటి తాళాలు మాత్రం వేరు. ఫలానా గది తాళంచెవి ఏదో, ఏ తలుపు బందు ఊడిందో చెప్పటానికి ఒక్కొక్క తలుపుకూ సొంత సంఖ్య ఉండి తీరాలి. గది సంఖ్యనుబట్టి 104 ఎ, 104 బి అని పెట్టే పద్ధతి అందరికీ తేలికగా అర్థమౌతుంది.

కుడి ఎడమల సంగతి విడిగా చెప్పాలి. పాఠశాలలో మెట్లకు ఇటు నాలుగు గదులు గీసి, అటువైపుకు అద్దంలో ప్రతిబింబంలాగ తిప్పివేయటం పరిపాటి. అప్పుడు 16 తలుపులలో 8 కుడివైపు బందులవి, 8 ఎడమవైపు బందులవి ఔతాయి. ట్యాగు మాత్రం అన్నిటికీ డి1 అనే చూపుతుంది, పట్టికలో 16 అనే ఉంటుంది. గుమ్మంలో బందులకూ గడియకూ గాళ్ళు ముందే చెక్కే వడ్రంగికి ఈ లెక్క చాలదు. రెవిట్‌లో ఈ వివరం దానంతటది పట్టికలోకి రాదు. కుడి, ఎడమ అని ఒక గడి ఏర్పరచి నింపుకోవాలి.

ట్యాగును చెరిపితే తలుపు పోదు. తలుపును చెరిపితే దాని ట్యాగూ పోతుంది. కనుక ట్యాగు లేని తలుపు ప్లానులో కనబడకుండా పట్టికలో లెక్కకు రావచ్చు. తలుపును తీసివేసినప్పుడు దాని సంఖ్య ఖాళీగానే ఉంచాలి. ప్లాను ఒకసారి పనివారి చేతికి పోయిన తరువాత 15ను 14గా జరిపితే, ముందే వచ్చిన గుమ్మాలు తప్పు గదులకు చేరతాయి. కాగితం అచ్చువేసే ముందు ప్లానులోని ట్యాగులను వేలుపెట్టి లెక్కించి పట్టిక మొత్తంతో పోల్చాలి. లంక గ్రామపు పాఠశాలలో అవి 26 రావాలి. 25 వస్తే, పని ఆపి ఆ మిగిలినదాన్ని వెదకాలి.